మూసిన తలుపులు: ‘డెమన్స్’ చిత్రం, టురిన్ అగ్నిప్రమాదం

డారియో అర్జెంటో నిర్మాణంలో లాంబెర్టో బావా 1985లో రూపొందించిన ఇటాలియన్ చిత్రం ‘డెమన్స్’. కథాస్థలం పశ్చిమ బెర్లిన్‌లోని ఒక సినిమాహాలు. ఉచిత టికెట్లతో వచ్చినవారిలో ఒక యువతి అక్కడ ప్రదర్శనకు పెట్టిన లోహపు మాస్కు ధరించగా చెంప గీసుకుపోతుంది. తెరమీది పాత్రకూ అదే జరుగుతుంది. ఆమె పిశాచమై తోటివారిని చంపనారంభిస్తుంది. తెరకు, హాలుకు గల ఈ ప్రతిబింబ సంబంధం ఆసక్తికరమే. చరిత్ర దృష్ట్యా అంతకన్న ముఖ్యమైన దృశ్యం వేరొకటి: ప్రేక్షకులు తలుపు వైపు పరుగెత్తుతారు, అక్కడ గోడ కట్టి ఉంటుంది.

1983 ఫిబ్రవరి 13న టురిన్‌లోని స్టాటుటో సినిమాహాలు అగ్నిప్రమాదంలో 64 మంది మరణించారు. టికెట్ లేనివారు చొరబడకుండా అత్యవసర ద్వారాలు మూసి ఉంచారు. ఆ దుర్ఘటనను చిత్రం ఎక్కడా ప్రస్తావించదు. కథను పరదేశానికి తరలించింది కూడా. అయినా మూడేళ్లు తిరగకముందే తెరుచుకోని తలుపును తెరపై చూసిన ఇటాలియన్ ప్రేక్షకునికి పిశాచం కన్న ముందు టురిన్ గుర్తుకు వచ్చి ఉండాలి.

ప్రమాదానంతరం భద్రతా నిబంధనలు కఠినమయ్యాయి. ఆ ఖర్చు భరించలేక అనేక హాళ్లు మూతపడ్డాయి. టెలివిజన్ అప్పటికే వాటిని ఖాళీ చేస్తూ ఉంది. 1955లో 80 కోట్లు దాటిన టికెట్ల అమ్మకం 1985 నాటికి 12 కోట్ల దరిదాపుకు పడిపోయింది. 1986 నాటి రెండవ భాగంలో పిశాచం బయటకు వచ్చేది ఒక ఇంటిలోని టీవీ తెర నుండి.