భూగర్భ రైళ్ళలో ఇంటర్నెట్

భూగర్భ రైళ్ళలో ఇంటర్నెట్ అంటే నేల కింద సొరంగాల్లో నడిచే మెట్రో రైళ్ళలో ప్రయాణికుల ఫోన్లకు మొబైల్ సిగ్నల్ గానీ వైఫై గానీ అందించే ఏర్పాటు. నేల మీది టవర్ల నుంచి వచ్చే రేడియో తరంగాలు మట్టినీ కాంక్రీటునూ దాటుకుని అంత లోతుకు చేరవు. సొరంగంలోకి సిగ్నల్ దానంతట అది రాదు, ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే ఇందులో అసలు చిక్కు. సాంకేతికంగా దారి దొరికి దశాబ్దాలైంది. కేబుల్ ఎవరు వెయ్యాలి, అద్దె ఎవరు కట్టాలి అన్న బేరం తెగని చోట్లే ఇప్పటికీ ఫోన్లు మూగబోతున్నాయి.

గోదావరి జిల్లాల నుంచి

ఏలూరు జిల్లా పోలవరంలో మెట్రో సంగతి అటుంచి మామూలు రైల్వే స్టేషనే లేదు. కొవ్వూరో రాజమండ్రో వెళ్ళి రైలెక్కాలి. సిగ్నల్ పోవడం మాత్రం అక్కడివాళ్ళకు కొత్త కాదు. గోదావరి మీద లాంచీ పాపికొండల ఇరుకులోకి వెళ్ళేకొద్దీ ఫోన్లో గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. అడ్డొచ్చింది కొండైనా కాంక్రీటు గోడైనా రేడియో తరంగానికి తేడా లేదు.

ఈ ప్రాంతం నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఎక్కేది హైదరాబాద్ మెట్రో. 2017 నవంబర్ 28న ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్లకు చేరిన ఈ మెట్రో అంతా స్తంభాల మీదే నడుస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్ల మీది టవర్ల సిగ్నలే పెట్టెలోకి వస్తుంది కాబట్టి, సొరంగం తాలూకు ఇబ్బంది హైదరాబాద్‌లో ఉన్నవారికి తెలియదు. అది మొదటిసారి ఎదురయ్యేది బెంగళూరులోనో చెన్నైలోనో. కొడుకు ఉద్యోగానికనో, కంటి ఆపరేషనుకనో వెళ్ళినవాళ్ళు మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీదికి చేరాక ఇంటికి పంపిన వాట్సాప్ సందేశం పక్కన టిక్కు పడకుండా చిన్న గడియారం బొమ్మే మిగిలిపోవడం చూస్తారు.

గోదావరి జిల్లాలకు భూగర్భ రైళ్ళతో ఇంకో సంబంధం ఉంది. దేశంలో భూగర్భ మెట్రోలకు పేరుపడిన ఇంజనీరు ఇ. శ్రీధరన్ సివిల్ ఇంజనీరింగ్ చదివింది కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో, ఇప్పటి జేఎన్‌టీయూకేలో. ఆయన 1970లలో కలకత్తా మెట్రో పనుల్లో ఉన్నారు, తర్వాత ఢిల్లీ మెట్రోకు సారథ్యం వహించారు.

సొరంగంలోకి సిగ్నల్ వచ్చే తీరు

స్టేషన్లలో పని తేలిక. ఒక గదిలో బేస్ స్టేషన్ పెట్టి, అక్కడి నుంచి ఫైబర్ లాగి, సీలింగులో చిన్న చిన్న యాంటెనాలు బిగిస్తారు. పెద్ద మాల్స్‌లోనూ విమానాశ్రయాల్లోనూ చేసేది ఇదే. రెండు స్టేషన్ల మధ్య సొరంగం సంగతి వేరు. అది ఇరుకు, మలుపులు తిరిగి ఉంటుంది, పైగా ఇనప పెట్టెలాంటి రైలు దాన్ని దాదాపు నింపేస్తుంది. ఒక చివర యాంటెనా పెడితే రైలే సిగ్నల్‌కు అడ్డంగా నిలబడుతుంది.

అందుకే సొరంగాల్లో లీకీ కేబుల్ వాడతారు. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో లోపలి సిగ్నల్ బయటికి పోకుండా పైన లోహపు తొడుగు ఉంటుంది. లీకీ కేబుల్‌లో ఆ తొడుగుకు కావాలనే వరసగా సన్నటి చీలికలు పెడతారు. పామాయిల్ తోటలో డ్రిప్ పైపు పొడుగునా నీళ్ళు బొట్లు బొట్లుగా కారినట్టు, ఈ కేబుల్ పొడుగునా సిగ్నల్ కారుతూ పోతుంది. దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి మధ్యలో మళ్ళీ బలం పుట్టించే పరికరాలు పెట్టాలి. సొరంగంలో కిటికీ పక్కన కూర్చుని గోడ వైపు చూస్తే కొక్కేలకు తగిలించిన నల్లటి లావు కేబుల్ ఒకటి రైలు వెంటే వస్తున్నట్టు కనబడుతుంది. కిటికీ ఎత్తుకు కాస్త అటూ ఇటూగా దాన్ని బిగిస్తారు, సిగ్నల్ అద్దంలోంచి లోపలికి రావాలి గనుక.

సొరంగం నుంచి వంతెన మీదికి రైలు ఎక్కే చోట ఫోన్ ఒక సెల్‌ను, అంటే ఒక యాంటెనా పరిధిని, వదిలి మరోదాన్ని పట్టుకోవాలి. మాట్లాడుతుండగా కాల్ తెగిపోయేది ఎక్కువగా అక్కడే. 5జీతో ఇంకో తంటా వచ్చింది. మనదేశంలో 5జీకి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ పైబడిన తరంగాలను పాత లీకీ కేబుళ్ళు మోయలేవు. 4జీ కోసం వేసిన కేబుల్ ఉందని 5జీ కూడా దానంతట వచ్చేయదు.

ప్రయాణికుల ఫోన్లు పనిచేయడం లేదంటే రైలుకు బయటితో సంబంధం తెగినట్టు కాదు. డ్రైవరు కంట్రోల్ రూముతో మాట్లాడే రేడియో, రైళ్ళ మధ్య దూరం చూసుకునే సిగ్నలింగ్ వ్యవస్థ విడిగా నడుస్తాయి. కష్టం వస్తే ఫోన్ వెతుక్కోవడం కన్నా తలుపు పక్కనున్న అత్యవసర మీట నొక్కడం మంచిది.

వైఫై

మొబైల్ కంపెనీలతో బేరం తెగనప్పుడు మెట్రో సంస్థలు ముందుగా చేసేది స్టేషన్లో వైఫై పెట్టడం. రైలు స్టేషన్లో ఆగిన అర నిమిషంలో ఫోన్ వైఫై అందుకుని, సందేశాలు పంపి, కొత్తవి దించుకుని, తర్వాతి స్టేషన్ దాకా మౌనంగా ఉంటుంది. లండన్‌లో 2012 ఒలింపిక్స్ వేళకు మొదలైన వైఫై చాలా ఏళ్ళు ఇలాగే నడిచింది. నడిచే రైలు లోపల కూడా వైఫై ఉండాలంటే పెట్టెలో రౌటరు, సొరంగంలో దానికి అందే లింకు రెండూ కావాలి. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మార్గంలో 2020 జనవరిలో ఈ ఏర్పాటు చేసింది.

మామూలు రైల్వే స్టేషన్లలో రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో ఉచిత వైఫై ప్రారంభించాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో చేర్చిన స్టేషన్లలో విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం ఉన్నాయి. సెప్టెంబర్‌లో జియో వచ్చి మొబైల్ డేటా చవకైపోయింది. 2020లో గూగుల్ ఈ పథకం నుంచి తప్పుకుంటూ చెప్పిన ముఖ్య కారణం కూడా డేటా చవకవడమే. నేల మీద చవక డేటా వైఫైని మింగేసింది. నేల కింద మాత్రం వైఫైకి ఇంకా పని ఉంది, కాకపోతే ఒక వింత మెలికతో: చాలా చోట్ల లాగిన్ కావాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి, సిగ్నల్ లేని చోట ఆ ఓటీపీయే రాదు. స్టేషన్ పైన ఉండగానే ఒకసారి లాగిన్ అయిపోవడం తెలిసినవాళ్ళు చేసే పని.

దేశంలోని నగరాలు

దేశంలో మొదటి భూగర్భ రైలు 1984 అక్టోబర్ 24న కలకత్తాలో నడిచింది. అప్పటికి మనదేశంలో సెల్‌ఫోనే లేదు కాబట్టి సొరంగం కట్టినవాళ్ళు దాని సంగతి ఆలోచించే అవసరం రాలేదు. అదే నగరంలో 2024 మార్చిలో హుగ్లీ నది కింది సొరంగం ప్రారంభమయ్యేసరికి అంతా మారిపోయింది. సుమారు 520 మీటర్ల ఆ నది ముక్కను రైలు ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఆ ముప్పావు నిమిషం కూడా ఫోన్ పనిచేయాలని మొబైల్ కంపెనీలు అక్కడికీ కేబుల్ తీసుకెళ్ళాయి. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే గోదావరికి దండం పెట్టి చిల్లర వేసే అలవాటున్నవాళ్ళకు, నది తల మీదుగా పోవడం కొత్తగానే ఉంటుంది.

దక్షిణాదిలో మొదటి భూగర్భ మెట్రో మార్గం బెంగళూరుది. కబ్బన్ పార్కు నుంచి మెజెస్టిక్ మీదుగా వెళ్ళే సుమారు 4.8 కిలోమీటర్ల సొరంగ మార్గం 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. చెన్నైలో తిరుమంగళం, నెహ్రూ పార్కుల మధ్య సొరంగ మార్గం 2017 మే 14న మొదలైంది. తెలుగు జిల్లాల నుంచి రైళ్ళు చేరే చెన్నై సెంట్రల్, ఎగ్మోరు రెండింటి కిందా భూగర్భ మెట్రో స్టేషన్లు ఉన్నాయి.

బేరం తెగకపోతే ఏమవుతుందో ముంబై మూడో లైను చూపింది. కొలాబా నుంచి ఆరే దాకా 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఒక్కటి తప్ప అన్నీ నేల కిందే. 2024 అక్టోబర్‌లో మొదటి భాగం తెరిచేసరికి ప్రయాణికులకు మెరిసే స్టేషన్లు, మూగ ఫోన్లు దొరికాయి. సిగ్నల్ ఏర్పాటు బాధ్యతను మెట్రో సంస్థ బయటి సంస్థ ఒకదానికి అప్పగించింది. ఆ సంస్థ అడిగిన రుసుము చాలా ఎక్కువని, తమ పరికరాలు తామే పెట్టుకుంటామని మొబైల్ కంపెనీలు అన్నాయి. ఒకే సొరంగంలో ఒక్కో కంపెనీ ఒక్కో కేబుల్ లాగితే చోటు చాలదని అందరికీ తెలుసు, అందుకే ఉమ్మడి కేబుల్ అన్న ఆలోచన సబబే. ఉమ్మడి ఆస్తికి ధర ఎవరు కట్టాలన్న దగ్గరే పేచీ. 2025 అక్టోబర్‌లో లైను పూర్తయ్యేనాటికీ ఆ పేచీ తీరలేదు.

ఇతర దేశాలు

టోక్యో, సియోల్ ఈ పని చాలా ముందే ముగించాయి. పారిస్ మెట్రోకు 2020లో అంతటా 4జీ వచ్చింది. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863లో లండన్‌లోనే నడిచినా, అక్కడి సొరంగాల్లో మొబైల్ సిగ్నల్ మొదలైంది 2020 మార్చిలో, జూబిలీ లైను తూర్పు భాగంలో. మిగతా లైన్ల కోసం 2021లో 20 ఏళ్ళ ఒప్పందం ఒకే సంస్థతో కుదిరింది. పాత సొరంగాలు మరీ ఇరుకు, పని చేయడానికి రాత్రి రైళ్ళు ఆగిన కొద్ది గంటలే దొరుకుతాయి. న్యూయార్క్‌లో 2017 జనవరి నాటికి భూగర్భ స్టేషన్లన్నిటికీ సిగ్నల్, వైఫై వచ్చాయి. సొరంగాల ఒప్పందం 2022లో గానీ కుదరలేదు. న్యూజెర్సీలో కాపురముండి మన్‌హట్టన్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళు సబ్‌వే ఎక్కేముందే సినిమా దించుకోవడం అందుకే.

సొరంగంలోకి సిగ్నల్ తెచ్చినవాళ్ళు దాన్ని ఆపనూగలరు. 2011 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బార్ట్ రైలు సంస్థ, నిరసన జరగబోతోందన్న సమాచారంతో తన భూగర్భ స్టేషన్లు కొన్నిటిలో మొబైల్ సేవలు నిలిపేసింది. దాని మీద అమెరికాలో పెద్ద దుమారమే లేచింది.

టికెట్టు

హైదరాబాద్, బెంగళూరు మెట్రోలు 2022లో, చెన్నై మెట్రో 2023లో వాట్సాప్‌లో టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. దాంతో ఇంటర్నెట్ వినోదం పద్దు నుంచి అవసరం పద్దుకు మారింది. క్యూఆర్ కోడ్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేటు దగ్గర చూపించాలి. కింది స్టేషన్లో గేటు ముందు నిలబడి, వెనక జనం తోసుకొస్తుంటే, తెరుచుకోని చాట్ కోసం ఫోన్‌ను పైకెత్తి ఊపేవాళ్ళు రోజూ కనబడతారు. టికెట్టు రాగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలా చోట్ల ఆ గొడవ తప్పుతుంది. స్మార్ట్ కార్డుకు అసలు సిగ్నల్‌తో పనే లేదు.

తెలుగు రాష్ట్రాల్లో

విజయవాడ, విశాఖ మెట్రోల ప్రతిపాదనలు వంతెన మార్గాలవే. సొరంగం ఖర్చు వంతెన ఖర్చుకు రెండింతలు మించుతుంది మరి. హైదరాబాద్ రెండో దశ ప్రణాళికలో మాత్రం శంషాబాద్ విమానాశ్రయం దగ్గర సుమారు 1.6 కిలోమీటర్ల భూగర్భ మార్గం ఉంది. అది కార్యరూపం దాలిస్తే తెలుగు నేల మీద మొదటి మెట్రో సొరంగం అవుతుంది. ముంబై అనుభవం చూశాక, అంత చిన్న ముక్కకైనా కేబుల్ లెక్కను రైలు నడిచాక కాక సివిల్ టెండర్లతో పాటే తేల్చుకోవడం మేలు.