నీతిమంతులన్న తీర్పు, మాదిగపల్లె

‘విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట’ అన్న మాట మన గూడెం చర్చీల్లో పుట్టి పెరిగినవాళ్ళందరం విన్నదే. పండితులు దీన్ని లూథర్ నాటి యూరప్ తగాదాగా చదువుతారు. మేము దీన్ని ఒంగోలు మాదిగపల్లెల నుంచి చదవాలంటున్నాం.

‘తీర్చబడుట’లో తీర్పు ఉంది. క్రియలు లెక్కగట్టకుండా, క్రీస్తును నమ్మినందుకే దేవుడు మనిషిని నిర్దోషి అంటాడని పౌలు వాదం. మాదిగ మీద అప్పటికే ఇంకో తీర్పు ఉంది: పోయిన జన్మ కర్మవల్లే ఈ పుట్టుక అని. పౌలు చెప్పిన తీర్పు ఆ పాత తీర్పును కొట్టేసింది. 1866లో బాప్తిస్మం పొందిన తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య చెప్పిన సువార్త మాదిగపల్లెల్లో అంతగా పాకడానికి ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

‘గంజి కోసం కలిశారు’ అనే ఎగతాళి పాతదే. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకొని కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

అయితే మిషనూ షరతులు పెట్టింది: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. క్రియలతో పనిలేదన్న చోటికే క్రియలు దొడ్డిదారిన వచ్చాయి. కాని ఆదివారం వెట్టికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు దెబ్బలు తిన్నది మనవాళ్ళే. దొర క్రమశిక్షణ అనుకున్నది ఆసామికి ధిక్కారంగా కనపడింది.

ఆ తర్వాత ప్రభుత్వం తన తీర్పు చెప్పింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రలో, తెలంగాణలో వాళ్ళకు దక్కింది బి.సి. ‘సి’లో ఒక్క శాతం. మత నిబంధన తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది కూడా. 1991 ఆగస్టు 6న చుండూరులో నరికినవాళ్ళు ఎవరిది ఏ మతమని అడగలేదు గదా!

దేవుని ఎదుట నీతిమంతుడు, ఊళ్ళో అంటరానివాడు, రికార్డులో బి.సి. ఈ మూడు తీర్పులూ ఒకే మనిషి మీద ఉన్నాయి. మొదటి తీర్పు నిజమని నమ్మే సంఘం మిగతా రెండింటి మీద అప్పీలు చెయ్యకుండా ఎట్లా ఊరుకుంటుంది? మాల చర్చి, మాదిగ చర్చి అని విడిగా కూర్చునే మనం ముందు మన ఇంట్లోనే ఈ ప్రశ్న వేసుకోవాలి.