మూడు మైళ్ల అవతలి పాట

1964 మార్చి 28న ఇంగ్లండ్ తూర్పు తీరాన, ఫెలిక్‌స్టో ఊరికి ఎదురుగా లంగరు వేసిన ఓడ నుంచి రేడియో కరోలైన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఒకప్పుడు డెన్మార్క్‌లో ప్రయాణికులను దాటించిన ఓడ అది. రోనన్ ఓరాహిలీ అనే ఐర్లండ్ యువకుడు దాన్ని సంపాదించి, తన తండ్రి అధీనంలోని గ్రీనోర్ రేవులో ట్రాన్స్‌మిటర్లు, ఏరియల్ స్తంభం బిగించి, అమెరికా అధ్యక్షుడు కెనడీ కూతురి పేరు పెట్టాడు. అంతకుముందు అతను లండన్‌లో గాయకుల వ్యవహారాలు చూసేవాడు. జార్జీ ఫేమ్ అనే గాయకుడి రికార్డు పట్టుకుని ఎంత తిరిగినా దాన్ని వేసే స్టేషను దొరకలేదు.

అప్పట్లో బ్రిటన్ గడ్డ మీద రేడియో అంటే బీబీసీ ఒక్కటే. రికార్డులు మోగినకొద్దీ తమకు పని పోతుందని వాద్యకారుల సంఘం, అమ్మకాలు తగ్గుతాయని రికార్డు కంపెనీలు పట్టుబట్టడంతో, ఇన్ని గంటలకు మించి రికార్డులు వేయకూడదనే ఒప్పందం ఉండేది. మిగతా సమయంలో జనం మెచ్చిన పాటలను సైతం బీబీసీ వాద్యబృందాలు తమ పద్ధతిలో వాయించి వినిపించేవి. రాత్రిళ్లు లక్సెంబర్గ్ నుంచి ఇంగ్లిష్ ప్రసారం అందేది గానీ, అక్కడి సమయాన్ని పెద్ద రికార్డు కంపెనీలు కొనేసుకునేవి. చేతిలో ట్రాన్సిస్టర్ ఉన్న కుర్రకారుకు తమ కాలపు పాట రోజంతా వినే దారి లేకపోయింది.

ఆ దారి సముద్రం మీద దొరికింది. బ్రిటన్ చట్టం తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకే చెల్లేది. ఆ గీత దాటి, వేరే దేశపు జెండా కట్టుకున్న ఓడను అడిగేవాళ్లు లేరు. ఇది ఓరాహిలీ కనిపెట్టిన ఉపాయం కాదు. డెన్మార్క్ తీరాన రేడియో మెర్కూర్ 1958లోనే, నెదర్లాండ్స్ తీరాన రేడియో వెరోనికా 1960లో ఇదే పని చేశాయి. కరోలైన్ వచ్చిన కొద్ది నెలలకే పోటీ స్టేషను రేడియో అట్లాంటా దానితో కలిసిపోయింది. అట్లాంటా వాళ్ల మి అమీగో ఓడ దక్షిణాన నిలవగా, మొదటి ఓడ ఐల్ ఆఫ్ మ్యాన్ దగ్గరికి వెళ్లి ఉత్తరాదికి పాటలు పంపింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా నౌకాదళపు పాత మైన్‌స్వీపర్ మీద, టెక్సస్ వ్యాపారుల పెట్టుబడితో, రేడియో లండన్ వచ్చింది.

ఓడ మీద డిస్క్ జాకీలు రెండు వారాలు పనిచేసి ఒక వారం ఒడ్డున గడిపేవారు. తిండి, ఉత్తరాలు, కొత్త రికార్డులు చిన్న పడవల్లో వచ్చేవి. అల పెద్దదైతే సూది జారి పాట మధ్యలో ఎగిరిపోయేది. వాళ్లు చదివే ప్రసంగపాఠం ఉండేది కాదు. పక్కింటి స్నేహితుడితో మాట్లాడినట్టే మైకులో మాట్లాడేవారు. శ్రోతల మనసు గెలిచింది ఆ మాటతీరే. ఫ్రింటన్ ఒడ్డున రాత్రిపూట కార్లు ఆపుకున్న జంటలను జానీ వాకర్ ఓడ మీద నుంచి ప్రశ్నలు అడిగేవాడు. వాళ్లు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పి జవాబు చెప్పేవారు. శ్రోత జవాబు అప్పటికప్పుడే కంటికి కనబడటం బీబీసీ స్టూడియోలో ఎవరూ ఎరుగని సంగతి.

ప్రభుత్వం వైపు కారణాలు లేకపోలేదు. ఏ స్టేషను ఏ తరంగంపై ప్రసారం చేయాలో దేశాల మధ్య ఒప్పందాలున్నాయి. ఈ ఓడలు వాటిని లెక్కచేయలేదు. రికార్డుల వాడకానికి చెల్లించాల్సిన రుసుం సంగతీ అంతే. ప్రమాదాలూ తక్కువేం కాదు. 1966 జనవరిలో మి అమీగో లంగరు తెగి ఫ్రింటన్ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అదే ఏడాది జూన్‌లో, థేమ్స్ ముఖద్వారంలోని యుద్ధకాలపు కోటలో నడిచే రేడియో సిటీ తగాదాలో దాని యజమాని రెజినాల్డ్ కాల్వర్ట్ తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. కాల్చిన ఆలివర్ స్మెడ్లీ ఆత్మరక్షణ కోసమే కాల్చానని చెప్పి కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. చట్టం తేవాలన్న వాదనకు ఈ మరణం బలం చేకూర్చింది.

1967 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన చట్టం ఓడల జోలికి నేరుగా పోలేదు. బ్రిటన్ పౌరులెవరూ వాటిలో పనిచేయకూడదు, వాటికి తిండి గానీ ఇంధనం గానీ చేరవేయకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు అంది. ఈ స్టేషన్లు బతికేదే ప్రకటనల డబ్బు మీద. రేడియో లండన్ ముందురోజు మధ్యాహ్నం 3 గంటలకే మూతపడింది. కరోలైన్ ధిక్కరించి కొనసాగింది గానీ అప్పులు పెరిగాయి. బాకీ రావాల్సిన డచ్ కంపెనీ 1968 మార్చిలో రెండు ఓడలనూ లాక్కుపోయింది.

ఈలోగా 1967 సెప్టెంబరు 30న బీబీసీ కుర్రకారు కోసం రేడియో 1 ప్రారంభించింది. దాని తొలి గొంతు టోనీ బ్లాక్‌బర్న్‌ది. జాన్ పీల్, కెన్నీ ఎవరెట్ కూడా అక్కడికే చేరారు. ముగ్గురూ ఓడల మీద పేరు తెచ్చుకున్నవాళ్లే. ఓడలను వెలివేసిన వ్యవస్థే ఓడల మాటతీరును ఇంట్లోకి తెచ్చుకుంది. ఈ చరిత్ర మొత్తంలో పెద్ద విజయం ఇదే.

ఈ కథనే రిచర్డ్ కర్టిస్ 2009లో 'ది బోట్ దట్ రాక్డ్' అనే హాస్యచిత్రంగా తీశాడు. ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్, బిల్ నై, రిస్ ఇవాన్స్ నటించారు. ఆ ఓడల అల్లరిని, స్నేహాన్ని సినిమా చక్కగా పట్టుకుంది. కానీ గొడవనంతా సరదా గిట్టని ఒక మంత్రి పంతంగా కుదించడంతో ఒప్పందాలు, రుసుములు, కాల్వర్ట్ మరణం తెరకెక్కలేదు. సినిమాలో ఓడ మునుగుతుంటే ప్రభుత్వం కదలదు, అభిమానులే పడవల్లో వచ్చి కాపాడతారు. నిజంలో మి అమీగో మునిగింది 1980 మార్చి తుపానులో. కరోలైన్ 1970లలో దాని మీద నుంచే మళ్లీ ప్రసారాలు సాగించింది. షీర్‌నెస్ నుంచి వచ్చిన స్వచ్ఛంద సంస్థ లైఫ్‌బోటు నలుగురు సిబ్బందిని, వాళ్లు పెంచుకుంటున్న కానరీ పిట్టను క్షేమంగా ఒడ్డుకు చేర్చింది. మూడేళ్ల తర్వాత రాస్ రివెంజ్ అనే పాత చేపల ఓడ మీద కరోలైన్ మళ్లీ పాడింది. 2017లో దానికి మీడియం వేవ్ 648 కిలోహెర్ట్జ్‌పై ప్రసారానికి అధికారిక లైసెన్సు దక్కింది. అంతకుముందు ఆ తరంగాన్ని వాడింది బీబీసీ వరల్డ్ సర్వీసే.