పక్కపాత్ర నుంచి మొల్ల దాకా: పద్మనాభం ప్రస్థానం

తెలుగు సినిమా చరిత్ర రాసినవాళ్ళు హాస్యనటులకు సాధారణంగా ఒక అధ్యాయం కేటాయిస్తారు. అందులో కస్తూరి శివరావు, రేలంగి, రమణారెడ్డి, పద్మనాభం, అల్లు రామలింగయ్య, రాజబాబు అంటూ పేర్లు వరసగా నడిచిపోతాయి. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు, ఒక బిరుదు. అంతటితో సరి. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరి అవసరం తీర్చింది, నవ్వించినవాడికి చివరకు ఏం మిగిల్చింది అన్న ప్రశ్నలకు అక్కడ చోటుండదు. సాహిత్య విమర్శ చేసే మనం కూడా ఈ విషయంలో మెరుగేమీ కాదు. హాస్యాన్ని రసాల పట్టికలో చేర్చాం గాని, హాస్యకారుణ్ణి చరిత్రలో చేర్చలేదు. మన రాయలసీమ నుంచి వెళ్ళిన పద్మనాభం జీవితాన్ని ఈ దృష్టితో ఒకసారి పరిశీలించాలి.

బసవరాజు వెంకట పద్మనాభరావు 1931 ఆగస్టు 20న కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టాడు. ఆ కాలంలో సీమ పల్లెల్లో పిల్లవాడికి కళ అంటే నాటకమే, నాటకమంటే పద్యమే. గొంతు బాగున్న కుర్రవాడు హార్మోనియం శ్రుతికి నాలుగు పద్యాలు రాగం తీసి పాడితే ఊరు చెవి ఒగ్గేది. ఆ గొంతే పెట్టుబడిగా అతను పసితనంలోనే మద్రాసు చేరాడు. నటి కన్నాంబ ఆదరించింది. 1945లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన 'మాయాలోకం' అతని తొలి చిత్రం. 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) తీసిన దర్శకుడి చేతి కింద తొలి అడుగు పడటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఆనాటి నాటకరంగం, సంస్కరణోద్యమం, సినిమా ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉండేవో ఇది చెబుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వాహినీ స్థాపించిన బి.ఎన్. రెడ్డి, విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి కూడా కడప జిల్లావాళ్ళే. బర్మాకు ఉల్లిపాయలు ఎగుమతి చేసిన వ్యాపార కుటుంబం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ అభిరుచిని, దక్షతను తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఒకే జిల్లా నుంచి ఒకరు పెట్టుబడితో మద్రాసు వెళ్ళి స్టూడియోకి యజమాని అయ్యారు, మరొకరు గొంతుతో వెళ్ళి అదే స్టూడియోలో వేషగాడు అయ్యారు. కళారంగానికి వర్గాలతో పనిలేదనుకునేవాళ్ళు ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో పద్మనాభం నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప వేషం వేశాడు. గురువు ఆజ్ఞ ఇస్తాడు, శిష్యుడు శిరసావహిస్తాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు మన సినిమా హాస్యనటుడికి ఇచ్చిన స్థానం దాదాపు ఇదే. అతను శిష్యుడు, నౌకరు, గుమాస్తా, హీరోగారి మిత్రుడు. కథను నడిపే హక్కు అతనికి లేదు. కథ బరువెక్కినప్పుడు ప్రేక్షకుడికి ఊపిరి ఆడేటట్టు చేయడం అతని విధి. ఆ ఇరుకులోనే పద్మనాభం తనదైన పద్ధతి ఏర్పరచుకున్నాడు. పొట్టి మనిషి, చురుకైన కదలిక, పద్యం పాడి సానబెట్టుకున్న గొంతు. సంభాషణను ఎక్కడ విరిస్తే నవ్వు పుడుతుందో అతనికి నాటకం నేర్పింది. గీతాంజలితో అతని జంట ప్రేక్షకులకు బాగా నచ్చింది.

ఇంతవరకే అయితే అతను మంచి హాస్యనటుల్లో ఒకడు. అసలు విశేషం అతను నిర్మాతగా మారాక కనిపిస్తుంది. వల్లం నరసింహారావుతో కలిసి రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ అనే నాటక సంస్థ నడిపి, ఆ పేరుతోనే సినిమాల్లోకి దిగాడు. 1965లో ఎన్.టి. రామారావు, సావిత్రి నటించిన 'దేవత' విజయం సాధించింది. భార్యను దేవతగా చేసి పీట మీద కూర్చోబెట్టే భావజాలం అందులో ఉంది. దాన్ని మనం సమర్థించనక్కర్లేదు. ఆ విజయం తర్వాత అతను ఏ కథలు ఎంచుకున్నాడన్నదే మనకు ముఖ్యం.

'పొట్టి ప్లీడరు' (1966), 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' (1967), 'కథానాయిక మొల్ల' (1970), 'జాతకరత్న మిడతంభొట్లు' (1971). ఈ పేర్లు వరసగా చదివితే ఒక ఆలోచన బయటపడుతుంది. మర్యాద రామన్న రచ్చబండ తెలివికి ప్రతీక. శాస్త్రగ్రంథాలతో కాకుండా లోకజ్ఞానంతో తగవులు తీర్చినవాడు. మిడతంభొట్లు ఏ విద్యా లేకుండానే యాదృచ్ఛికంగా రాజాస్థానంలో జ్యోతిష్కుడిగా చెలామణి అయిన పేదవాడు. గుప్పిట్లో మిడతను పట్టుకుని నిలదీసిన రాజు ముందు అతని భయమే అతన్ని కాపాడుతుంది. ఆ నవ్వు అతని మీద కన్నా ఆస్థానం మీద, జాతకాల మీద ఎక్కువగా పడుతుంది. ఇదంతా మన అవ్వలు, తాతలు చెప్పిన కథల నవ్వు. ఇందులో చిన్నవాడు పక్కపాత్ర కాడు, కథే అతనిది. ఇతరుల సినిమాల్లో పక్కన నిలబడ్డ మనిషి, తన చేతికి పగ్గాలు రాగానే పక్కవాణ్ణి తెచ్చి మధ్యలో నిలబెట్టాడు.

ఈ వరుసకు శిఖరం మొల్ల. లోకం కుమ్మర మొల్ల అని పిలుచుకున్న కవయిత్రి. గోపవరం తన ఊరని చెప్పుకుంది. ఆ గోపవరం కడప జిల్లా బద్వేలు దగ్గరిదేనని ఎక్కువమంది భావన. రామాయణం రాసి రాజుకు అంకితమివ్వకుండా నిలిచిన స్త్రీ. ఆమె కథను ఒక హాస్యనటుడు తానే నిర్మించి, తానే దర్శకత్వం వహించి, వాణిశ్రీ ప్రధాన పాత్రగా తీశాడు. 1970 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది. మొల్లను భక్తురాలిగా చూపడమే మన సంప్రదాయ ధోరణి. ఆమె కులం, శ్రమ, స్త్రీత్వం ఆమె కవిత్వంతో పడిన ఘర్షణను ఆ ధోరణి పలుచన చేస్తుంది. ఆ పరిమితిని గుర్తించాలి. అయినా నవ్వించి సంపాదించిన డబ్బు ఒక కింది కులపు కవయిత్రి మీద పెట్టినవాడు మనకు వేరొకడు కనిపించడు. పండితులు మొల్లకు సాహిత్య చరిత్రలో కొద్ది పుటలు ఇచ్చి ఊరుకున్న కాలంలో, అక్షరం రానివాళ్ళకు కూడా ఆమె పేరు చేరింది.

మరొకటి. 'మర్యాద రామన్న' కోసం 1966 డిసెంబర్ 15న ఒక పాట రికార్డయింది. శ్రీకాళహస్తి బడిలోను, మన తిరుపతిలోను చదువుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాకు పాడిన మొదటి పాట అది. సంగీత దర్శకుడు కోదండపాణి ఆ కొత్త గొంతును ఎంచుకున్నాడు, నిర్మాత పద్మనాభం సరేనన్నాడు. అదే పాటలో ఈలపాట రఘురామయ్య కూడా గొంతు కలిపాడు. వెళ్ళిపోతున్న పద్యనాటకం, రాబోతున్న సినిమా పాట ఒకే మైకు ముందు నిలబడిన ఘట్టమది.

తర్వాతి కథ తెలిసిందే. సినిమా ఖర్చు పెరిగింది, పంపిణీదారుడి పట్టు బిగిసింది. డెబ్బైలలో వరుస నష్టాలతో నిర్మాత పద్మనాభం చితికిపోయాడు. తిరిగి చిన్న వేషాలకు వచ్చాడు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశాడు. మన జిల్లా పేరునే ఇంటిపేరుగా చేసుకున్న చిత్తూరు నాగయ్య కూడా 'త్యాగయ్య' (1946) వంటి చిత్రాన్ని స్వయంగా తీసినవాడే, చివరికి చిన్న వేషాలతో బతికి 1973లో పోయినవాడే. 'గుణసుందరి కథ' (1949)తో వెలిగిన కస్తూరి శివరావు 1966లో పేదరికంలోనే మరణించాడు. వీళ్ళ పతనాన్ని దానగుణం, అజాగ్రత్త, తలరాత అని వివరించడం మనకు అలవాటు. ముగ్గురికీ ఒకే తలరాత ఉంటే అది తలరాత కాదు, వ్యవస్థ. నటుడు కూలి తీసుకున్నంత కాలం అది అతన్ని మెచ్చుకుంది. తన కథ తాను చెప్పబోయేసరికి లెక్కలు అడిగింది.

బడిలో మొల్ల గురించి చెప్పేటప్పుడు ఆమె మీద సినిమా తీసినవాడి పేరు కూడా నేను పిల్లలకు చెబుతుంటాను. "కామెడీ యాక్టరా సార్?" అని వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు వాళ్ళ తప్పు కాదు. అది మనం రాసిన చరిత్ర నుంచి వాళ్ళకు అందింది. మొల్ల గురించి పరిశోధించే విద్యార్థులు ఇకనైనా పద్మనాభం చిత్రాన్ని తమ ఆధారాల్లో చేర్చుకోవాలి, అందులోని బలాన్నీ లోపాన్నీ తూచాలి. హాస్యనటుల అధ్యాయాన్ని తిరగరాసే పని అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.