దొర ఇచ్చిన జంట సైకిలు

మా చిన్నాన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక జంట సైకిలు ఉంది. ముందొకరు, వెనకొకరు కూర్చుని ఇద్దరూ తొక్కేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని టాండెం అంటారు. "అది బీఎస్ఏ. 1947లో గనుల దొర సీమకు పోతా మీ ముత్తాతకి ఇచ్చిపోయినాడు" అనే మాట వింటూ పెరిగాం. పోయిన ఏడు బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి చూసి, నిజంగా బీఎస్ఏ వాళ్లు చేసిన టాండెమే అయితే మంచి ధర ఇస్తానన్నాడు. అది తేల్చే పని చిన్నాన్న మాకు అప్పజెప్పాడు. మేము చదివింది కన్నడ మీడియం, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సైకిళ్ల గురించి పెద్దగా తెలీదు. కానీ ఎవరైనా ఒక మాట చెబితే అది నిలుస్తుందో లేదో చూడటమే మా రోజువారీ పని.

మా వాళ్లు చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చినవాళ్లు. ఆ గనుల్లోకి జాన్ టేలర్ కంపెనీ 1880లో దిగింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరల బంగళాలూ క్లబ్బూ ఒకవైపు, కూలీల లైన్లు ఇంకోవైపు. మా ముత్తాత కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరు.

ముందు పేరు బిళ్ల కోసం చూశాం. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద, తయారీవాళ్ల బిళ్ల ఉండాలి. అది లేదు. కనీసం బిళ్ల బిగించిన బెజ్జాలు కూడా లేవు. మరి బీఎస్ఏ అని ఎలా అన్నారంటే, ముందు పెడళ్ల ఇరుసు పట్టే గొట్టం మీద మూడు తుపాకులు నిలబెట్టిన గుర్తు ఉంది. అది బీఎస్ఏ వాళ్లదే. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీగా మొదలై సైకిళ్లలోకి వచ్చారు కాబట్టి ఆ గుర్తు. అయితే వాళ్లు సొంత సైకిళ్లే కాక విడి భాగాలు కూడా అమ్మేవాళ్లు. వేరేవాళ్లు ఆ భాగాలు కొని, తమ గొట్టాలు అతికి, తమ పేరుతో సైకిలు అమ్ముకునేవాళ్లు. అంటే ఆ గుర్తు ఆ ముక్క ఎవరు చేశారో చెబుతుంది, మొత్తం సైకిలు ఎవరు చేశారో చెప్పదు.

తర్వాత వెనక చక్రం. దాని హబ్బు స్టర్మీ ఆర్చర్ వాళ్ల మూడు గేర్లది. ఆ హబ్బుల మీద తయారైన సంవత్సరం కొట్టి ఉంటుంది. మాదాని మీద 51 అని ఉంది. 1947లో వెళ్లిపోయిన దొర 1951 హబ్బున్న సైకిలు ఎలా ఇచ్చాడు? చక్రం తర్వాత మార్చి ఉండొచ్చు కదా అన్నాడు చిన్నాన్న. నిజమే, చక్రం మారుతుంది. అందుకే మార్చడానికి వీల్లేని భాగం కోసం వెతికాం.

ఇరుసు పట్టే గొట్టాలు ఫ్రేములో అతికి ఉంటాయి, విప్పి మార్చేవి కావు. జంట సైకిలుకు అవి రెండుంటాయి. కప్పులు విప్పించి, మరల కొలిచే గేజీ పెట్టి చూశాం. ముందుదానికి అంగుళానికి 24 మరలు. ఇది బీఎస్ఏ కొలత, ఇంగ్లండులో చాలామంది వాడిందీ అదే. వెనకదానికి అంగుళానికి 26. నాటింగ్‌హామ్‌లోని రాలే కంపెనీ తన సైకిళ్లకు సొంతంగా పెట్టుకున్న కొలత అది. వ్యాసం రెండింటిదీ 1.37 అంగుళాలే కాబట్టి కంటికి తేడా తెలీదు. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అదే వచ్చింది.

ఒకే ఫ్రేములో రెండు కొలతలు ఏ ఫ్యాక్టరీ పెట్టదు. రంగు గీకి చూస్తే నడిమి గొట్టాల దగ్గర ఆకురాయి గీతలు, ఇత్తడి అతుకులు బయటపడ్డాయి. బీఎస్ఏ ముక్కలున్న సైకిలు ఒకటి, రాలే ఒకటి, రెండూ కోసి ఎవరో ఒకటిగా అతికారు. చెయ్యి తిరిగిన పనే. ఇన్నేళ్లయినా ఒక్క అతుకూ విడలేదు.

అప్పుడు అవ్వను అడిగాం. ఆమె ముత్తాత కూతురు, ఎనభై దాటాయి. మేము కొలతలు చెబుతుంటే నవ్వింది.

"దొర లేదు, గిర లేదు. మా నాయనే చేసినాడు. దొర ఇచ్చినాడని చెప్పమన్నాడు, చెప్పినాము."

ఎందుకని అడిగితే, కంపెనీ కొలిమిలో కంపెనీ ఇత్తడితో అతికాడు కదా అంది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. బంగారు గనుల్లో కూలీని ఎప్పుడూ దొంగను చూసినట్టే చూసేవాళ్లు. వేలిముద్రలు తీసుకుంటామంటే 1930లో గనుల్లో పెద్ద సమ్మే జరిగింది. అలాంటి చోట 'నేను చేసుకున్నాను' అనడం కంటే 'దొర ఇచ్చాడు' అనడం క్షేమం. అసలు 1951లో కూడా దొరలు అక్కడే ఉన్నారు, గనులు ప్రభుత్వం చేతికి వచ్చింది 1956లో. బయటివాళ్ల కోసం చెప్పిన అబద్ధం, చెప్పగా చెప్పగా సంవత్సరంతో సహా ఇంట్లోవాళ్లకే నిజమైపోయింది.

వెనక పెడళ్లకు నాలుగేసి బెజ్జాలున్నాయి. అవేంటో మాకు అంతుపట్టలేదు. అవ్వ చెప్పింది: తన కాళ్లు అందక చెక్క ముక్కలు బిగించాడట. లైన్ల నుంచి రాబర్ట్‌సన్‌పేట బడికి ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తొక్కేవాడు. "ఊరికే కూచోబాకు, నువ్వూ తొక్కు" అనేవాడట.

బెంగళూరు ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన మళ్లీ ఫోను చెయ్యలేదు. బజార్లో పాత బీఎస్ఏ బిళ్లల నకళ్లు దొరుకుతాయి, ఒకటి తెచ్చి బిగిద్దాం అన్నారు ఇంట్లో ఒకరు. చిన్నాన్నే వద్దన్నాడు. ఆ డబ్బు ఆయనకు అవసరమే, అయినా వద్దన్నాడు.

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి పాత సైకిలో, కుట్టుమిషనో ఉంటే రంగు వేయించకముందే గుర్తులు, అంకెలు, మరలు రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లను అడగండి. మేము రెండు నెలలు ఆలస్యంగా అడిగాం.