కొడవలి రక్తం: పిల్లల కడుపునొప్పి వెనుక చరిత్ర

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఒక ఒడ్డున సిరొంచ, ఎదుట కాళేశ్వరం. రాష్ట్రాలు వేరైనా మాటలు కలిసే ఉన్నాయి. పిల్లవాడి కళ్లు పచ్చబడితే పసిరికలు అంటాం, పసరు పోయిస్తాం. కడుపు ఎడమ పక్క గట్టిపడితే బల్ల పెరిగిందంటాం. కొన్ని ఇళ్లలో ఈ రెండూ ఒకే బిడ్డకు మళ్లీ మళ్లీ వస్తాయి. కీళ్ల నొప్పి, కడుపునొప్పి తోడవుతాయి. అలాంటప్పుడు దోషం తిండిలో కాక, పుట్టుకతో వచ్చిన రక్తంలో ఉండవచ్చు. ఆ జబ్బు పేరు సికిల్ సెల్. సికిల్ అంటే కొడవలి.

1910లో అమెరికాలోని షికాగో నగరంలో హెరిక్ అనే వైద్యుడు దీన్ని మొదట లోకానికి తెలిపాడు. ఆయన రోగి కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన విద్యార్థి. ఆ యువకుని ఎర్రకణాలు కొడవలిలా వంగి కనిపించాయి. 1949లో పౌలింగ్ బృందం దోషం హిమోగ్లోబిన్‌లోనే ఉందని తేల్చింది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ కనబడింది.

మరి కాలేయానికీ కడుపుకూ దీనితో ఏమి పని? మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం కొద్ది వారాలైనా నిలవదు. చితికిన కణాల పసుపు రంగును కాలేయం మోయాలి. అందుకే కళ్లు పచ్చబడతాయి, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు పడతాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే కడుపు మెలిపెడుతుంది. అవి ప్లీహంలో, అంటే మనం బల్ల అనే చోట, ఒక్కసారిగా నిండిపోతే ఒంట్లో రక్తం చాలక గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఇది శాపం కాదు, తల్లి తప్పూ కాదు. తల్లి దగ్గర నుంచి ఒకటి, తండ్రి దగ్గర నుంచి ఒకటి, రెండు దోషపు వాటాలూ అందిన బిడ్డకే జబ్బు. ఒక్క వాటా ఉన్నవారు ఆరోగ్యంగానే ఉంటారు. వారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ చూపాడు. మలేరియా అడవుల్లో ఈ గుణం నిలిచిపోవడానికి కారణం అదే.

గడ్చిరోలి 1982లో జిల్లా అయింది. 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అక్కడ 'సెర్చ్' సంస్థ పని మొదలుపెట్టారు. వారి తొలి పరిశోధనల్లోనే జిల్లాలో సికిల్ సెల్ ఉందని తేలింది. అయితే జనం దాన్ని తమ కష్టంగా తలచలేదని బంగ్ దంపతులే తరువాత చెప్పారు. పేరు లేని జబ్బును ఎవరు అడుగుతారు? జ్వరం వేరు, పసిరికలు వేరు, బల్ల వేరు అనుకున్న ఇంట అన్నిటికీ మూలం ఒకటేనని చెప్పేవారు కావాలి.

ఆ పని ఎలా చేయాలో జమైకా దీవి చూపింది. 1973 నుంచి అక్కడ పుట్టిన శిశువుల రక్తం పరీక్షించారు. జబ్బున్న బిడ్డల తల్లులకు బల్లను చేత్తో తడిమి చూడడం నేర్పారు. బల్ల ఉబ్బిన వెంటనే తల్లులు ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ ఉపద్రవంతో పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గిందని 1985లో వైద్యులు ప్రకటించారు. పెద్ద యంత్రాలు చేసిన పని కాదది, తల్లి చెయ్యి చేసిన పని.

నొప్పులను తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు గుణం 1995లో రుజువైంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది దాని సంకల్పం.

అమ్మలారా, అయ్యలారా! పసిరికలు పదే పదే వచ్చే బిడ్డ ఉంటే ఒకసారి రక్తం చూపించండి. జబ్బు ఉందని తేలితే రోజూ స్నానం చేయించేటప్పుడు ఎడమ డొక్క కింద మెల్లగా తడమండి. బల్ల ఒక్కసారిగా పెరిగి, బిడ్డ పాలిపోయి సోలిపోతే పసరు కోసం ఆగవద్దు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు జాతకంతో పాటు రక్తపరీక్ష కాగితం కూడా చూసుకోండి.