బాగేఆము తోటలోని ముసలి తాబేలు

2024వ సంవత్సరము మార్చి 16వ తేదీ, శనివారమునాడు, హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఒక పెద్ద తాబేలు మరణించెను. దాని వయస్సు ఇంచుమించు 125 సంవత్సరములని శాలాధికారులు ప్రకటించిరి. కొన్నాళ్లనుండి ఆహారము మానివేసినదట. వైద్యులు చేయదగినది చేసిరి గాని ముదిమికి మందు లేదు గదా. ఆ వార్త చదివి నేను పత్రికను మడిచి ఒడిలో పెట్టుకొని చాలసేపు కూర్చుంటిని. నా పసితనమున నేనెరిగిన పెద్దలలో అంతవరకు బ్రతికియున్నది అదియొక్కటియే. తాతలు పోయిరి, మేనమామలు పోయిరి, బడిలో చెవి మెలిపెట్టిన పంతులుగారును పోయిరి. తాబేలు మిగిలియుండెను.

శ్రోతలారా, ఈ తాబేటి కథకు ముందు మా ఊరి మాట కొంత చెప్పవలెను. మాది సికింద్రాబాదు. 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేరిట వెలసిన ఇంగ్లీషువారి దండు. పాతబస్తీలోని పెద్దలు నేటికిని దీనిని లష్కరు అందురు. లష్కరునకు సముద్రము లేదు. ఉన్నది హుస్సేనుసాగరము, పేరు సాగరమైనను అది చెరువే. అయినను రేవుపట్టణపు పోకడలు దీనికి నాడు చాల ఉండెను. దూరదేశపు సిపాయిలు వచ్చెడివారు, కొన్నేండ్లుండి పోయెడివారు. వారి కొరకు సారాయి అంగళ్లు లేచినవి. వచ్చువారు ఏదో యొకటి తెత్తురు, పోవువారు ఏదో యొకటి విడిచిపోవుదురు. దండుతో ఉజ్జయినికి పోయిన డోలీబోయీ యొకడు, అచట కలరా ప్రబలగా అమ్మవారికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో మహాకాళిని ఇచట నిలిపెనని పెద్దల వాడుక. ఆషాఢమున లష్కరు బోనాలు ఆ తల్లికే జరుగును. అమ్మవారే దండు వెంట నడచివచ్చిన ఊరికి తాబేలొక లెక్కా?

మా తాతగారు దండుబజారులో ధాన్యపుకొట్టు నడపిరి. రాత్రి కొట్టు కట్టివేసి, అరుగుమీద కూర్చుండి ఆయన చెప్పిన కథ ఇది. తిరుమలగిరి త్రోవలో దొరసిపాయిలు త్రాగెడి అంగడి యొకటి ఉండెడిదట. దాని పెరటిలో ఈ తాబేలుండెడిదట. ఓడవాడొకడు దానిని ఎచటనో ద్వీపమున పట్టి, మద్రాసు రేవున దించి, జూదమాడి ఒక సిపాయికి ఓడిపోయెనట. ఆ సిపాయి దానిని రైలులో తెచ్చి, త్రాగిన బాకీక్రింద అంగడివానికి చెల్లువేసెనట. సిపాయిలు దాని మూతికి బీరు పోసి, వీపున ఎక్కి, పందెములు కాచెడివారట. ఒకనాడు అది కంచె కూలద్రోసి సంతలోనికి దూరి, తోటకూర బుట్టలన్నియు తినివేయగా, అధికారులు విసిగి దానిని నాంపల్లి బాగేఆము తోటకు పంపించిరట. ఈ కథకు మా తాతగారు ఒక కొసరు కూడ చేర్చెడివారు: తన తాతకూడ ఆ తాబేటి నెక్కెననియు, అప్పటికే అది ముసలిదనియు.

బాగేఆమనగా నేడు పబ్లిక్ గార్డెన్సు అని చెప్పు తోటయే. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరము. ఆ తోటలో నాడు చిన్న జంతుశాల యుండెను. మా తాతగారు నన్ను లష్కరులో రైలెక్కించి నాంపల్లిలో దించి, చేయిపట్టుకొని అచటికి తీసికొనిపోయిరి. నాకు ఏడేండ్లు. తాబేలు నల్లని బండవలె ఎండలో పడియుండెను. తాతగారు నన్నెత్తి దాని వీపున కూర్చుండబెట్టి, “మందరపర్వతము మోసిన జాతిరా ఇది, నీ వొక బరువా!” అనిరి. అంతలో అది బుస్సుమని తల లోనికి తీసికొనెను. పామనుకొని నేను కెవ్వుమంటిని. అది కోపము కాదని నేడెరుగుదును. తల ముడుచుకొనునపుడు దాని రొమ్ములోని గాలి ఆ చప్పుడుతో వెలువడును. భయము తీరిన పిమ్మట నేను చేసిన పనియే వేరు. జేబులో బలపముండెను. దానితో చిప్పమీద గట్టిగా గీచి నా పేరులోని మొదటి అక్షరము వ్రాసితిని. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

ఇక తాతగారి కథలో నిజమెంత? ముందుగా లెక్క చూతము. 2024 నాటికి 125 ఏండ్లన్న, దాని పుట్టుక 1899 ప్రాంతమున. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఏలుచుండెను. ఈ జాతి తాబేలు పెరిగి పెద్దదగుటకు ఇరువది ముప్పది ఏండ్లు పట్టును. 1908లో మూసీ పొంగి నగరము నీటిపాలైననాడు అది ఇంకను కూన. తాతగారి తాత దానినెక్కుట అసంభవము. కొసరు కొట్టివేయవలసినదే.

ఓడవాని మాట తీసికొందము. పత్రికలు దానిని గాలపగోస్ ద్వీపముల తాబేలని వ్రాసినవి. పూర్వము తిమింగలములను వేటాడు ఓడలవారు ఆ ద్వీపములలో దిగి, తాబేళ్లను వందలకొలది ఓడ అడుగున పేర్చుకొనెడివారు. నీరు, మేత లేకున్నను అవి నెలల తరబడి బ్రతికియుండును గనుక, నావికులకు అవి కదలెడి మాంసపు కొట్లు. ఇట్లు లక్షకు పైగా ఎత్తుకొనిపోబడినవి. 1835లో డార్విను పండితుడు అచట దిగినపుడు తానును వాని వీపులెక్కి చూచెను, నిలదొక్కుకొనుట కష్టమయ్యెనట. మన హిందూ మహాసముద్రములోని అల్దాబ్రా ద్వీపమున అట్టివే మరియొక జాతి తాబేళ్లు కలవు. అవి నశించిపోవునని 1874లో ఆ డార్వినే, ఇతర పండితులతో కలిసి, మారిషస్ గవర్నరుకు అర్జీ పెట్టుకొనెను. అనగా మన తాబేలు పుట్టునాటికే ఓడవారి తాబేళ్ల కాలము వెనుకబడినది. ఓడవాని కథ తాబేటికంటె ముసలిది.

మరి త్రాగుడు అంగడి సంగతి? అట్టివి రేవులలో నిజముగనే ఉండెడివి. లండను రేవు ప్రక్కన రాట్‌క్లిఫ్ హైవే అను వీధి యుండెను. నావికులు చిలుకలను, కోతులను తెచ్చి అచట అమ్ముకొనెడివారు. జామ్రాక్ అను వర్తకుడు ఏనుగులు మొదలు పులులవరకు కొని అమ్మెడివాడు. 1857లో అతని పులి యొకటి పెట్టె విరుగగొట్టుకొని వీధిలోనికి వచ్చెను. దానిని పెద్దపిల్లి యనుకొనెనో యేమో, ఒక బాలుడు చేయి చాచి నిమురబోగా, పులి వానిని కరచుకొనిపోయెను. జామ్రాకే వెంబడించి బాలుని విడిపించెను. అనంతరము ఒక ప్రదర్శనవారు ఆ పులినే కొని, బాలుని పట్టిన పులి యిదేనని చూపి డబ్బు చేసికొనిరి! ఆ నగరమందే చెషైర్ చీజ్ అను పానశాలలో ఒక చిలుక యుండెను. సీసా బిరడా ఊడు చప్పుడును, సారాయి గలగల పోయు చప్పుడును అది అచ్చముగ అనుకరించును. 1926లో అది చనిపోగా దేశదేశముల పత్రికలు ఆ వార్త వేసినవి.

ఇట్టి రేవులమీదుగానే మా లష్కరునకు సిపాయిలు వచ్చిరి. వారు మా అంగళ్లలో కూర్చుండి తమ ఊరి జంతువుల ముచ్చట్లు చెప్పుకొనియుందురు. గ్లాసులు కడుగు కుర్రవాడు వినియుండును. వాడు ఇంటికి పోయి చెప్పియుండును. నాంపల్లి తోటలో చూడ వింతైన తాబేలు కనబడగానే ఆ కథ దానిమీద కూర్చుండెను. ఇది నా ఊహ; కాని కలకత్తాలో జరిగినది చూచిన పిమ్మట ఈ ఊహ నాకు బలపడినది. అలీపూరు జంతుశాలలో అద్వైత యను అల్దాబ్రా తాబేలుండెను. 1875 ప్రాంతమున బరక్‌పూరునుండి వచ్చినది. 2006 మార్చి 22న మరణించినది. దాని వయస్సు 250 ఏండ్లనియు, అది రాబర్టు క్లైవు తోటలోనిదనియు లోకము చెప్పుకొనెను. ప్రాణి పెద్దదైన కొలది దాని యజమానియు పెద్దవాడు కావలెను కాబోలు. కలకత్తావారికి క్లైవు దొరికెను. మాకు పేరులేని ఓడవాడు దొరికెను.

ఓడ పోయినది, జూదము పోయినది, తోటకూర బుట్టలు పోయినవి. తాతగారి కథలో ఇంక మిగిలినది వీపున ఎక్కుట యొక్కటే. దానిని మాత్రము నేను కొట్టివేయలేను, నేనే సాక్షిని. ఒక సంగతి నాకు చాల కాలమునకు తోచినది. ఎన్నిమారులు ఎందరు ఆ కథ చెప్పినను, అందులో నవ్వినవారు మనమే. చలికాలపు రాత్రి అది ఎచట పడుకొనెను, దానికి నీరెవరు పెట్టిరి అన్న మాట ఒక్కరి నోటను వినలేదు. శ్రీకాకుళము దగ్గర శ్రీకూర్మ క్షేత్రమున నక్షత్రపు తాబేళ్లకు తోట వేసి మేపుట చూచినపుడు నాకిది గుర్తునకు వచ్చినది. తాబేటి చిప్ప మనము కప్పుకొను గొంగడివంటిది కాదు. వెన్నెముక, ప్రక్కటెముకలు అతుకుకొని ఏర్పడినది, ప్రాణమున్నది. గోటితో గీచినను దానికి తెలియును. బలపముతో గీచిన తెలియదా?

1963 అక్టోబరు 6వ తేదీన మీరాలం చెరువు ప్రక్కన 380 ఎకరములలో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరువబడెను. బాగేఆములోని జంతువులను అచటికి తరలించిరి. తాబేలును పోయెను. మా తాతగారు ఆ మాట విని, “చెరువుగట్టు చేరినది, ఇక పరవాలేదు” అనిరి. మరల దానిని చూడబోలేదు. నేనును పోలేదు. చదువులు, ఉద్యోగము, సంసారము, అరువదియేండ్లు గడచినవి. ఒకే నగరములో అదియు నేనును ముసలివారమైతిమి.

దాని మరణవార్త వచ్చిన తరువాతి నెలలో మనుమరాలిని వెంటబెట్టుకొని అచటికి పోతిని. 95 ఏండ్లదని చెప్పు మరియొక పెద్ద తాబేలు అచట ఉన్నది. అది ఆకుకూర నములుచుండెను. మధ్య గోడ యుండుటచే చేయి అందదు.

“తాతా, దానిమీద ఎక్కవచ్చునా?” అని పిల్ల అడిగెను.

“కూడదమ్మా.”

“నీవెప్పుడైనా ఎక్కితివా?”

ఓడవాని కథ చెప్పుటకు నోరు తెరచి, మానుకొంటిని. నాంపల్లి తోట సంగతియు, బలపము సంగతియు చెప్పితిని. అది కొంచెము సేపు ఆలోచించి, “ఏ అక్షరము వ్రాసితివి?” అని అడిగెను. చెప్పితిని. మేమిరువురము ఎండ ఎక్కువరకు అచటనే నిలుచుంటిమి. తాబేలు కూర ముగించి, నెమ్మదిగా నీడకు జరిగెను.